బొమ్మ ఓడలు చూపించారు, మెట్లు మాత్రం చూపించలేదు

ఎడిటర్ గారికి నమస్కారం,

రెండు వారాల కింద మీ ఆదివారం బుక్‌లో మారిషస్ గురించి రెండు పేజీలు వేశారు, ఫొటోలు బ్రహ్మాండంగా ఉన్నాయి, కాదనను. కానీ చదవడం అయ్యాక మా అత్తయ్య పేపర్ మడిచి పక్కన పెట్టి "మెట్ల గురించి ఒక్క ముక్క రాయలేదేంటే" అంది. ఆ మాటే నా బుర్రలో తిరుగుతోంది, అందుకే ఈ ఉత్తరం. పెద్దదైపోతే మీకు నచ్చినచోట కత్తిరించుకోండి, మెట్ల ముక్క మాత్రం ఉంచండి ప్లీజ్.

మేం మొన్న మే సెలవుల్లో వెళ్ళొచ్చాం. నేను, మా వారు, డిగ్రీ చదివే అమ్మాయి, తొమ్మిదిలోకి వచ్చిన అబ్బాయి, డెబ్భై రెండేళ్ళ అత్తయ్య. అసలు ఈ ట్రిప్పే ఆవిడ కోసం. మా మామగారు తెలుగు మాస్టారు, 1990లో మారిషస్‌లో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినప్పుడు పేపర్లో వచ్చిన ఫొటోలు కత్తిరించి డైరీలో అంటించుకున్నారు, ఎప్పటికైనా వెళ్ళాలి వెళ్ళాలి అంటూనే పోయారు. మొన్న ఎఫ్‌డీ ఒకటి మెచ్యూర్ అవ్వగానే మా వారు "అమ్మని తీసుకెళ్దాం" అన్నారు. బంధువులందరూ నవ్వారు, మారిషస్ అంటే హనీమూన్ జంటలు వెళ్ళే చోటు, ముసలావిడని పట్టుకుని అక్కడికేంటి అని. వాళ్ళ తప్పు కాదులెండి, ట్రావెల్స్ వాళ్ళ బ్రోచర్ మీద కూడా ఇసకలో హార్ట్ గుర్తు గీసిన జంటే ఉంది.

ప్యాకేజీ ఎవరి దగ్గర తీసుకున్నా దాదాపు ఇదే ఉంటుంది, ఒక రోజు నార్త్ టూర్, ఒక రోజు సౌత్ టూర్, ఒక రోజు ఇల్ ఓ సెర్ఫ్ అనే చిన్న దీవి, ఒక రోజు ఖాళీ. ముంబై నుంచి ఆరు గంటలు పైనే ఫ్లైటు, మనకన్నా గంటన్నర వెనక టైము, ముందుగా వీసా తీసుకోవక్కర్లేదు. కార్లు మనలాగే ఎడమవైపు నడుస్తాయి. డబ్బుల పేరు కూడా రూపాయే కానీ వాళ్ళ రూపాయి మన రూపాయికి దగ్గరదగ్గర రెట్టింపు, ఈ సంగతి మా అబ్బాయికి రెండు ఐస్‌క్రీములు అయ్యాక తెలిసింది. నోటు మీద ఇంగ్లీషుతో పాటు తమిళం, హిందీ ఉన్నాయి. అత్తయ్య నోటుని అటు తిప్పి ఇటు తిప్పి కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ తిప్పి "మనది లేదు" అని నా చేతిలో పెట్టేసింది.

మే నెల అంటే అక్కడ చలికాలం మొదలు, ఇది ఎవరూ సరిగ్గా చెప్పరు. భూమధ్యరేఖకి అవతలి వైపు కదా, మనకి ఎండలు మండేటప్పుడు వాళ్ళకి చల్లబడుతుంది. బీచ్ దగ్గర హాయిగానే ఉంటుంది కానీ దీవి మధ్యలో ఎత్తు మీద కురెపిప్ అనే ఊరుంది, అక్కడికి వెళ్ళేసరికి ముసురు, చలిగాలి, అత్తయ్యకి నా చున్నీ కప్పాల్సొచ్చింది. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ఒక శాలువా, ఒక గొడుగు పెట్టుకోండి. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా తుపాన్ల సీజన్, ఆ టైమ్‌లో టికెట్లు చవగ్గా దొరికాయని ఎగబడితే హోటల్ గదిలో కూర్చుని వాన చూడాల్సి రావచ్చు.

సౌత్ టూర్ సంగతి చెప్తాను. పొద్దున్నే వ్యాన్ వచ్చింది, డ్రైవర్ నలభై ఐదేళ్ళాయన, మంచి మనిషి, ఇంగ్లీషు, ఫ్రెంచి, వాళ్ళ క్రియోల్ అన్నీ మాట్లాడతాడు. మొదట కురెపిప్ దగ్గర ట్రూ ఓ సెర్ఫ్ అనే పాత అగ్నిపర్వతం నోరు, ఇప్పుడు లోపలంతా చెట్లు, అడుగున కాసిని నీళ్ళు, అక్కడ పది నిమిషాలు. తర్వాత ఒక షాపుకి తీసుకెళ్ళారు, చెక్కతో చేసిన బొమ్మ ఓడలు అమ్మే షాపు. పనితనం గొప్పగానే ఉంది, పాతకాలం తెరచాప ఓడల్ని తాళ్ళతో సహా అచ్చుగుద్దినట్టు చేస్తారు. కానీ ధర అడిగితే గుండె ఆగింది, కొనేవాళ్ళు లేరు, అయినా అక్కడ ముప్పావు గంట. ఈ ముప్పావు గంటని గుర్తుపెట్టుకోండి ఎడిటర్ గారూ, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

తర్వాత గంగా తలావ్. ఇది కూడా అగ్నిపర్వతం నోట్లో నిండిన చెరువే, మామూలు పేరు గ్రాండ్ బాసిన్. మన గంగనీళ్ళు తెచ్చి 1972లో ఇందులో కలిపారట, అప్పట్నుంచి గంగా తలావ్ అయింది. రోడ్డు పక్కన 108 అడుగుల శివుడి విగ్రహం, తల ఎత్తి చూస్తే మెడ పట్టేస్తుంది. శివరాత్రికి దీవి నలుమూలల నుంచి జనం కావళ్ళు భుజాన వేసుకుని రోజుల తరబడి నడిచొస్తారని డ్రైవర్ చెప్పాడు. చెరువు చుట్టూ మంచు తెర, గంట శబ్దం, మెట్ల మీద కోతులు, అరటిపళ్ళు లాక్కుపోవడంలో మన కోతులకి ఏమాత్రం తీసిపోవు. అత్తయ్య నీళ్ళు తల మీద జల్లుకుని చాలాసేపు మాట్లాడకుండా నిలబడింది. ఇక్కడ మాత్రం వ్యాన్ వాళ్ళు తొందరపెట్టలేదు, ఆ మాట కూడా చెప్పాలి.

షమరెల్ అనే చోట ఉన్న ఏడు రంగుల మట్టి గురించి మీ వ్యాసంలో అర పేజీ రాశారు. నా అభిప్రాయం చెప్పమంటే అంత లేదండీ. అగ్నిపర్వతం రాయి ఏళ్ళూ పూళ్ళూ నాని, అరిగి మట్టయిపోయి అందులో ఇనుము, అల్యూమినియం కలిసిన పదార్థాలు మిగిలి ఎరుపు, గోధుమ, ఊదా ఇలా రంగులు తేలాయి, విషయం గొప్పదే. కానీ చూడ్డానికి అదొక కంచె వేసిన దిబ్బ, ఎండ సరిగ్గా పడితే ఏడు, మబ్బుంటే మూడున్నర. మా అబ్బాయికి మట్టికన్నా అక్కడి పెద్ద తాబేళ్ళే నచ్చాయి, దారిలో జలపాతం మాత్రం నిజంగా బావుంది, అడవి మధ్యలోంచి తెల్లగా ఒక్కటే ధార. ఇల్ ఓ సెర్ఫ్ గురించి ఎక్కువ రాయను, నీళ్ళు నీలం, ఇసక తెలుపు, పారాసైలింగ్‌కి ఎక్స్‌ట్రా, అండర్ సీ వాక్‌కి ఎక్స్‌ట్రా, బోటువాడు చేపలకి వెయ్యమని బ్రెడ్డు ముక్కలిస్తే మా అమ్మాయి వద్దని వెనక్కిచ్చేసింది. అది కరెక్టే అనిపించింది, అలవాటులేని తిండి చేపలకి ఎందుకు. కొందరు నీళ్ళలో దిగి పగడాల మీద నిలబడి సెల్ఫీలు, అవి బతికున్న ప్రాణులని ఎవరు చెప్పాలో మరి. ఈ పగడాల గట్టు దీవి చుట్టూ గోడలా ఉండబట్టే లోపలి నీళ్ళు చెరువులా నెమ్మదిగా ఉంటాయి, దక్షిణాన గ్రి గ్రి అనే చోట ఆ గట్టు లేదు, అక్కడ సముద్రం ఎలా విరుచుకుపడుతుందో చూస్తే గట్టు విలువ తెలుస్తుంది.

ల మోర్న్ కొండ దగ్గర ఐదు నిమిషాలు ఆపారు, "ఫొటో స్టాప్". సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఒంటి కొండ, 556 మీటర్లు. అందరూ సెల్ఫీలు దిగుతుంటే డ్రైవర్ పక్కకి వచ్చి అత్తయ్యకి చెప్పాడు. ఆఫ్రికా నుంచి, మడగాస్కర్ నుంచి తెచ్చిన బానిసలు చెరుకు తోటల్లోంచి పారిపోయి ఈ కొండ మీద దాక్కునేవాళ్ళట, 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయిందని చెప్పడానికి పోలీసులు కొండెక్కితే, పట్టుకోవడానికే వస్తున్నారనుకుని పైనుంచి దూకేశారని అక్కడ చెప్పుకుంటారు. ఆ కొండ ఇప్పుడు యునెస్కో వాళ్ళ లిస్టులో ఉంది, 2008లో చేర్చారు. అత్తయ్య "మరి వాళ్ళు పోయాక చెరుకు ఎవరు కొట్టారు నాయనా" అని అడిగింది. నేను ఇంగ్లీషులో చెప్తే ఆయన నవ్వి "మీరే" అన్నాడు, తెలుగులో.

మేమంతా ఒక్కసారి ఆయన వైపు తిరిగాం. రెండు రోజులుగా మాతో ఉన్న మనిషి, మా తెలుగు అంతా వింటున్నాడన్నమాట, నేను వ్యాన్ ఏసీ గురించి అన్న మాటలతో సహా. ఆయన ఇంటిపేరు అప్పన్న. ఇంటిపేరు అప్పన్నేంటి అని మా వారు ఆశ్చర్యపోతే అప్పుడు చెప్పాడు, ఓడ దిగినప్పుడు గుమాస్తా పేరేంటని అడిగితే వాళ్ళ ముత్తాత తండ్రి అప్పన్న అన్నాడట, అది ఇంగ్లీషులో తోచినట్టు రాసుకున్నారు, ఆ రాసుకున్నదే పిల్లలకీ మనవలకీ ఇంటిపేరైపోయింది. అక్కడ చాలామందికి అంతేనట, అసలు ఇంటిపేర్లు ఓడలోనే ఉండిపోయాయి. అత్తయ్య "సింహాద్రి అప్పన్నా?" అంది, ఆయన రెండు చేతులూ జోడించి "అవును, మా ఇంట్లో పూజ చేస్తాం" అన్నాడు. స్కూల్లో తెలుగు కొంచెం నేర్చుకున్నాడట, అక్కడ ప్రైమరీ స్కూల్లో కూడా తెలుగు చెప్తారు, మన ఊళ్ళో మా పిల్లల స్కూల్లో సెకండ్ లాంగ్వేజ్ ఏది తీసుకుందాం అని తర్జనభర్జన పడ్డ సంగతి నాకు గుర్తొచ్చి తల దించుకున్నాను. ఉగాదికి దేశమంతా సెలవట. పన్నెండు లక్షల చిల్లర జనం ఉన్న దేశం, అందులో మనవాళ్ళు కొద్దిమందే, అయినా ఉగాదికి సెలవు.

ఇక మెట్లు. నార్త్ టూర్‌లో పోర్ట్ లూయిస్ ఉంది, అది రాజధాని. అక్కడ సముద్రం ఒడ్డున కోడాన్ అని షాపింగ్ కాంప్లెక్స్, మమ్మల్ని అక్కడ వదిలి రెండు గంటలు తిరగండి అన్నారు. దానికి పిలుపు దూరంలోనే ఆప్రవాసి ఘాట్ ఉంది. 1834 నుంచి 1920 దాకా మన దేశం నుంచి కూలికి తీసుకెళ్ళినవాళ్ళని, దాదాపు ఐదు లక్షల మందిని, దింపిన చోటు అది. 2006లోనే యునెస్కో గుర్తించింది. మా ప్రోగ్రాం పేపర్లో దాని పేరే లేదు. గట్టిగా అడిగితే టూర్ మేనేజర్ "అక్కడ చూడ్డానికి ఏముంది మేడం, పాత గోడలు" అన్నాడు. బొమ్మ ఓడలు చూపించడానికి ముప్పావు గంట దొరికింది, అసలు ఓడలు ఆగిన చోటు చూపించడానికి పావుగంట దొరకలేదు. షాపులో కమిషన్ ఉంటుంది, పాత గోడల్లో ఉండదు, అంతే తేడా. మీరు కూడా ఆ రెండు పేజీల్లో కోడాన్‌లో ఏ షాపులున్నాయో రాశారు కానీ దీని పేరు రాయలేదు ఎడిటర్ గారూ, కోపం కాదు, ఉన్న మాట.

మా ఖాళీ రోజున అప్పన్నగారికి కూడా సెలవు. "నా కారులో తీసుకెళ్తా, ప్యాకేజీ లేదు ఏం లేదు" అన్నాడు. దారిలో చెరుకు తోటలు, ఆ తోటల మధ్య నల్లరాళ్ళ గుట్టలు, గుడి గోపురాల్లాగ పేర్చి ఉన్నాయి. ఏంటవి అంటే, దీవంతా అగ్నిపర్వతం రాయి కదా, చెరుకు వెయ్యాలంటే ముందు పొలంలో రాళ్ళన్నీ ఏరాలి, మొదట బానిసలు, తర్వాత కూలీలు, ఒక్కొక్క రాయీ చేత్తో ఏరి పోసిన గుట్టలవి అన్నాడు. మూడు రోజులుగా వ్యాన్ అద్దంలోంచి అవి కనిపిస్తూనే ఉన్నాయి, మేం ఏవో డెకరేషన్ అనుకున్నాం.

ఘాట్ దగ్గర టికెట్ లేదు. నిజంగానే పెద్దగా ఏమీ మిగల్లేదు, మేనేజర్ ఆ ముక్క వరకు కరెక్టే. కొన్ని రాతి గోడలు, ఆసుపత్రి గదులు, వంటశాల ఉన్న చోటు, నీళ్ళ వైపు నుంచి పైకొచ్చే రాతి మెట్లు. ఓడ దిగినవాళ్ళు ఆ మెట్లెక్కి ఇక్కడ రెండు రోజులుంటే పేరు రాసి, నంబరిచ్చి ఏ తోటకి వెళ్ళాలో చెప్పి పంపేసేవాళ్ళు. మొదట్లో ఐదేళ్ళ కాంట్రాక్టు, మగవాళ్ళకి నెలకి 5 రూపాయలు. పక్కనే మ్యూజియంలో ఆ రోజుల ఫొటోలున్నాయి, 1860ల నుంచి ఒక్కొక్కరికీ ఫొటో తీసేవాళ్ళట. ఫొటోలో ఒక్కరూ నవ్వడం లేదు. మా అమ్మాయి ఒక్కో మొహం దగ్గరా ఆగింది, రీల్స్ తీసే పిల్ల, ఫోన్ బయటికి తియ్యలేదు.

అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు, ఇంట్లో మేడ మెట్లెక్కదు. అక్కడ మాత్రం మెట్ల దగ్గరే నిలబడిపోయింది, లోపలికి రమ్మన్నా రాలేదు. చివరికి చెప్పులు తీసి పక్కన పెట్టి మెట్టుకి చెయ్యి ఆనించి కళ్ళకద్దుకుంది. అక్కడి గార్డు ఏమీ అనలేదు, అలవాటే అనుకుంటా.

అప్పుడు అప్పన్నగారు ఫోన్‌లో ఒక కాగితం ఫొటో చూపించాడు. మోకా అనే ఊళ్ళో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఉంది, వలస వచ్చినవాళ్ళ రికార్డులన్నీ అక్కడే భద్రం చేశారు, వెతికించుకుంటే మన పెద్దవాళ్ళ కాగితం దొరుకుతుంది. వాళ్ళ ముత్తాత తండ్రిది అలా దొరికిందట. పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, ఒంటి మీద మచ్చ ఎక్కడుందో, ఊరు. ఆ ఊరి పేరు దొరగారి స్పెల్లింగ్‌లో ఉంది, వంకర్లు తిరిగిన చేతిరాత. అత్తయ్య దాన్ని నాలుగు రకాలుగా పలికి చూసింది, మా వారు గూగుల్ మ్యాప్‌లో వెతికారు, మా అబ్బాయి కాకినాడ నుంచి శ్రీకాకుళం దాకా ఒక్కో ఊరూ చదువుతూ పోయాడు, కుదరలేదు. ఆయన మాత్రం బాధపడలేదు, "రేవు తెలుసు కదా, కోరంగి, అది చాలు" అన్నాడు. తెలుగువాళ్ళని అక్కడ కోరంగివాళ్ళనే అనేవారట, ఎక్కడ ఓడెక్కితే ఆ పేరే.

ఎడిటర్ గారూ, మాది కాకినాడ. కోరంగి మాకు అరగంట దూరం. మడ అడవుల్లో బోటింగ్, చెక్క వంతెన మీద ఫొటోలు, క్యారేజీలు కట్టుకుని కనీసం పదిసార్లు వెళ్ళుంటాం. అది ఒకప్పుడు పెద్ద రేవు అనీ, 1839 తుపానులో బాగా దెబ్బతిందనీ చిన్నప్పుడు ఎక్కడో చదివాను. అక్కడ ఓడెక్కినవాళ్ళు ఎక్కడ దిగారో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. అది తెలుసుకోవడానికి ఫ్లైటెక్కి అంత దూరం పోవాల్సొచ్చింది.

సాయంత్రం ఆయన మమ్మల్ని పబ్లిక్ బీచ్‌కి తీసుకెళ్ళాడు, ఫ్లిక్ ఆన్ ఫ్లాక్. ఆదివారం కాకపోయినా జనం ఉన్నారు, ఒడ్డు పొడుగునా సరుగుడు చెట్లు, ఆ గాలి శబ్దం వింటే అచ్చం ఉప్పాడ రోడ్డులో ఉన్నట్టే. ధోల్ పూరి కొనిపెట్టాడు, పప్పు పెట్టి పల్చగా ఒత్తిన రొట్టె, బెల్లం వెయ్యని బొబ్బట్టు అనుకోండి, అందులో కూర, పచ్చడి పెట్టి చుట్టి ఇస్తారు. ప్యాకేజీలో తిన్న అన్ని బఫేలూ కలిపినా దాని ముందు దండగ. కొంచెం దూరంలో కుర్రాళ్ళు మంట వేసి రవాన్ అనే మేకతోలు వాయిద్యాన్ని మంటకి చూపించి కాస్తున్నారు, అక్కడ 'సెగ' అనే జానపద పాటలున్నాయి, వాటికి అదే తాళం. మా వారు "మన డప్పు కాచినట్టే కాస్తున్నారే" అని వెళ్ళి వాళ్ళ దగ్గరే కూర్చున్నారు, గంటదాకా రాలేదు. ఆ సెగ ఆఫ్రికా బానిసల పాట. కోరంగివాళ్ళ పాట వేరే ఉంది, రామభజనం, రాత్రిపూట దీపం చుట్టూ తిరుగుతూ పాడతారు. అప్పన్నగారు నాలుగు చరణాలు పాడాడు. మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని నేర్చుకున్నాడు, సగం మాటలకి అర్థం తెలీదు. అత్తయ్య ఒక్కో మాటకీ అర్థం చెప్తుంటే తలూపుతూ "అలాగా, నలభై ఏళ్ళుగా పాడుతున్నా" అన్నాడు. రెండు మాటలు అత్తయ్యకీ తెలీలేదు, వాళ్ళ అమ్మమ్మ అనేదట, అర్థం ఎప్పుడూ అడగలేదట.

పెట్రోలు డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు, చాలాసేపు గొడవయింది. చివరికి ఒకటి అడిగాడు, ఇంటికెళ్ళాక కోరంగి రేవు ఫొటో ఒకటి తీసి పంపమని, ఇంట్లో పెట్టుకుంటానని.

మొన్న ఆదివారం అందరం వెళ్ళాం. బోటింగ్ బోర్డులు, పక్షుల బోర్డులు చూశాం, రేవు ఎక్కడుండేదో మాకు తెలీలేదు. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన్ని అత్తయ్య అడిగింది, పాత రేవు ఎటు బాబూ అని. ఆయన వల వదలకుండానే గడ్డంతో ఏటి వైపు, మడచెట్ల వైపు చూపించి "ఇటంతా రేవేగా అమ్మా" అన్నాడు. అటే ఫొటో తీసి పంపించాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
కాకినాడ